గోల్ఫ్ గేమ్‌లో ఆడటం కంటే కోర్సులు డిజైన్ చేయడమే తలకెక్కింది, నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

పచ్చికబయలు:
అందరికీ నమస్కారం. పీజీఏ టూర్ 2కే25 అనే గోల్ఫ్ వీడియో గేమ్ నేను కొన్నది ఆడదామనే. కొన్ని టోర్నమెంట్లు ఆడాక మెనూలో కోర్స్ డిజైనర్ (గోల్ఫ్ మైదానాలు మనమే గీసుకునే టూల్) అని కనిపిస్తే ఏముందో చూద్దామని తెరిచాను, అంతే, ఆ తర్వాత మిగతా మోడ్‌ల వైపు మనసు పోవడం లేదు. బయట గోల్ఫ్ ఆడిన అనుభవం నాకు లేదు, క్లబ్ చేత్తో పట్టుకున్నది కూడా లేదు. అయినా రాత్రి కూర్చుంటే టైమ్ ఎటు పోతుందో తెలియడం లేదు.

నన్ను పట్టేసిన విషయం ఒకటి చెబుతాను. 410 గజాల పార్ 4 హోల్ (నాలుగు షాట్లలో ముగించాల్సినది) ఒకటి గీశాను, తిన్నగా. ఫెయిర్‌వేకి, అంటే కత్తిరించిన గడ్డి దారికి, రెండు పక్కలా బంకర్లు, అంటే ఇసుక గుంటలు. చూడటానికి బాగుంది, ఆడితే మాత్రం మధ్యలోకి కొట్టడం, మళ్లీ మధ్యలోకి కొట్టడం, ఇంకేం లేదు. తర్వాత ఒక బంకర్‌ని పట్టుకుని లాగి, టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి 265 గజాల దగ్గర ఫెయిర్‌వే నడిమధ్యలో పెట్టాను. పక్కనున్నవి తీసేసి గడ్డి వెడల్పు చేశాను. హోల్ మొత్తం మారిపోయింది. ఎడమవైపు దారి ఇరుకు, కానీ అక్కడి నుంచి గ్రీన్, అంటే జెండా ఉండే నున్నటి గడ్డి, పూర్తిగా తెరుచుకుని కనిపిస్తుంది. కుడివైపు బోలెడంత జాగా, కానీ రెండో షాట్ గ్రీన్ ముందున్న గుంట మీదుగా కొట్టాలి. రెండూ వద్దనుకుంటే డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే క్లబ్) పక్కన పెట్టి బంకర్‌కి ముందే ఆపుకోవాలి, అప్పుడు గ్రీన్‌కి చాలా దూరం మిగిలిపోతుంది. నేను గీసిన హోల్‌లో నేనే టీ మీద నిలబడి ఎటు కొట్టాలా అని ఆలోచించాను. ఆ క్షణం నాకు భలే నచ్చింది.

మీలో ఎవరెవరు చేస్తున్నారు? ఎలా మొదలుపెడతారు, ఏది చూసి ఆగుతారు, ఏదైనా రాయండి.

గాలివాటం:
స్వాగతం బ్రదర్. ఈ పిచ్చి పాతదే. 1990లోనే జాక్ నిక్లాస్ పేరుతో అన్‌లిమిటెడ్ గోల్ఫ్ అండ్ కోర్స్ డిజైన్ అని గేమ్ వచ్చింది, పేరులోనే డిజైన్ ఉంది చూడండి. ఆ రోజుల్లో ఒక్కో షాట్ తర్వాత తెర మీద బొమ్మ మళ్లీ గీసుకోవడానికి కాసేపు ఆగాల్సి వచ్చేది, అయినా జనం కూర్చుని కోర్సులు కట్టేవాళ్లు. తర్వాత లింక్స్ 2001 అనే గేమ్‌తో ఆర్నాల్డ్ పామర్ పేరుతో డిజైనర్ వచ్చింది. అది నేర్చుకోవడానికే చాలా ఓపిక కావాలి, కానీ దానితో తయారైన కోర్సులు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మీరు వాడుతున్న టూల్‌కి మూలం 2014లో వచ్చిన ది గోల్ఫ్ క్లబ్. కెనడాలో నోవా స్కోషియాలోని హెచ్‌బీ స్టూడియోస్ చేసింది. నా దృష్టిలో ఈ వ్యాపకాన్ని మామూలు ఆటగాళ్ల చేతికి ఇచ్చింది అదే. నేల అదే పుట్టించి ఇస్తుంది, కొండలెన్ని చెట్లెన్ని అని అడుగుతుంది, మనం మార్చుకుంటూ పోవడమే. అప్పటిదాకా కోర్సు కట్టాలంటే సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల పని.

మీ నడిమధ్య బంకర్ ఐడియా సరైన దారిలోనే ఉంది. 2019 ఎడిషన్ నుంచి చేస్తున్నాను, నేను కూడా బంకర్ల దగ్గరే ఇరుక్కున్నాను.

ఇసుకతిన్నె:
@పచ్చికబయలు, మీరు చెప్పినదానికి కోర్సు ఆర్కిటెక్చర్‌లో వందేళ్ల చర్చ ఉంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

గోల్ఫ్ హోల్స్‌ని మూడు పద్ధతులుగా చెప్పుకుంటారు. ఒకటి పీనల్, అంటే శిక్ష వేసే పద్ధతి. దారి ఒక్కటే, తప్పితే దెబ్బ. అమెరికాలో 1903లో హెన్రీ ఫౌన్స్ కట్టిన ఓక్‌మాంట్ దీనికి పెట్టింది పేరు, 3, 4 హోల్స్ మధ్య వరసగా గడ్డి గట్లు ఉన్న చర్చ్ ప్యూస్ బంకర్ అక్కడిదే. రెండోది స్ట్రాటజిక్, మీ హోల్ ఇదే. దారులు చాలా ఉంటాయి, ప్రమాదానికి దగ్గరగా వెళ్లినవాడికి తర్వాతి షాట్ సులువవుతుంది. మూడోది హీరోయిక్. నీళ్ల మీదుగా ఏటవాలుగా కొట్టాలి, ఎంత ధైర్యం ఉంటే అంత ఎక్కువ నీటిని దాటవచ్చు. కేప్ హోల్ అని దీనికి పేరు కూడా ఉంది.

స్ట్రాటజిక్ పద్ధతికి తల్లివేరు స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. అక్కడ బంకర్లు 112 అని చెబుతారు, చాలావాటిని టీ మీద నుంచి చూడలేం. 17వ హోల్ రోడ్ హోల్ చూడండి, 495 గజాల పార్ 4. కుడివైపు హోటల్‌కి ఆనుకుని అవుట్ ఆఫ్ బౌండ్స్ (బంతి పోతే జరిమానా పడే హద్దు అవతలి చోటు), అయినా ధైర్యం చేసి ఆ కుడి అంచుకి దగ్గరగా కొట్టినవాడికే గ్రీన్‌కి మంచి కోణం దొరుకుతుంది. భయపడి ఎడమకి పోతే రోడ్ బంకర్ అడ్డం వస్తుంది. ఒక్క బంకర్, ఒక్క గోడ, ఒక రోడ్డు, ఇంతే సరంజామా.

నేను ఏ హోల్ గీసినా ఆఖర్న ఒక్కటే చూసుకుంటాను: దూరం కొట్టలేనివాడు ఈ హోల్‌ని ఎటునుంచి ఆడతాడు? వాడికి దారి లేకపోతే మళ్లీ గీస్తాను.

కొత్తటీ:
చదువుతుంటేనే ఉత్సాహంగా ఉంది, నిన్ననే డౌన్‌లోడ్ చేశాను. కానీ ఖాళీ నేల చూడగానే టెన్షన్ వచ్చేస్తోంది, 18 హోల్స్ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి? మొదటి హోల్ గీసి, దాని పక్కనే రెండోది, అలా పోతే ఎనిమిదో హోల్‌కి వచ్చేసరికి జాగా అయిపోయింది.

పచ్చికబయలు:
@కొత్తటీ, ఇది నేను ఇక్కడి పాత పోస్టులు చదివి నేర్చుకున్నదే. ముందు హోల్స్ గీయకండి. చెట్లు లేకుండా నేల పుట్టించి, కెమెరాని మనిషి ఎత్తుకి దించి నేల మీద తిరగండి. ఎత్తు మీద చదునైన చోటు, రెండు గట్ల మధ్య ఒదిగిన చోటు, వాగు మలుపు పక్కన చోటు, ఇలాంటివి కనిపిస్తే అక్కడ చిన్న గ్రీన్ ముక్క వేసి గుర్తు పెట్టుకోండి. గ్రీన్లకి తగిన చోట్లు ముందు దొరికితే టీ ఎక్కడ పెట్టాలన్నది వాటంతట అవే చెబుతాయి. ఒక గ్రీన్ దిగగానే తర్వాతి టీ దగ్గరలో ఉండాలి, అదొక్కటే నియమం పెట్టుకోండి.

ఇంకొకటి, అన్ని హోల్సూ ఒకే దిక్కుకి పోకుండా చూడండి. గాలి ఒకే వైపు నుంచి వీస్తుంటే, అటూ ఇటూ వెళ్లే కోర్సులో ప్రతి హోల్‌కీ గాలి వేరే కోణంలో తగులుతుంది. 400 గజాల హోల్ ఎదురుగాలిలో ఒక ఆట, వెనకగాలిలో ఇంకో ఆట. పైసా ఖర్చు లేకుండా వచ్చే వైవిధ్యం అది.

గాలివాటం:
దీనికి ఒక మాట కలుపుతాను. పార్ అంకెలు చూసి భయపడకండి. ఆధునిక హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని లెక్కగట్టే) నియమాల ప్రకారం మగవాళ్లకి పార్ 3 అంటే 260 గజాల లోపు, పార్ 4 అంటే 240 నుంచి 490, పార్ 5 అంటే 450 నుంచి 710. చూశారుగా, ఒకదాని మీదికి ఒకటి వస్తుంది. 470 గజాల హోల్‌ని పార్ 4 అనాలా 5 అనాలా అన్నది నేల తీరు, గ్రీన్ తీరు చూసి మీరే తేల్చుకోవచ్చు. 18 హోల్స్ పార్ కలిపి మొత్తం 72 రావాలన్న రూల్ కూడా లేదు.

ఆకాశమార్గం:
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. ఇక్కడ అందరూ సెయింట్ ఆండ్రూస్, ఓక్‌మాంట్ అంటున్నారు. బయట కోర్సు కట్టేవాడికి బుల్‌డోజర్‌కి డబ్బు కావాలి, నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి, గడ్డి బతకాలి. మనకి అవేవీ లేవు కదా! నేను 200 అడుగుల కొండ మీద టీ పెట్టి, కింద లోయలో గ్రీన్ పెడతాను. జలపాతం వెనక నుంచి కొట్టిస్తాను. వీడియో గేమ్‌లో కూడా బయట ఉన్నట్టే కట్టాలంటే ఇక ఈ స్వేచ్ఛ ఎందుకు? నా కోర్సులు ఆడినవాళ్లు నవ్వుతూ ఆడతారు, నాకు అంతకంటే ఏం కావాలి.

ఇసుకతిన్నె:
@ఆకాశమార్గం, తప్పేం లేదు, మీ జలపాతం హోల్ నేను ఆడాను, బాగుంది. నేను అనేది ఒక్కటే, ఊహకి కూడా ఒక కారణం దొరికితే హోల్ గుర్తుండిపోతుంది. అమెరికాలోని టీపీసీ సాగ్రాస్ కోర్సు 17వ హోల్ ఐలాండ్ గ్రీన్ తీసుకోండి, ప్రపంచంలో అంత అసహజమైన హోల్ ఇంకోటి ఉందా? 137 గజాలు, చుట్టూ నీళ్లు. కానీ అది పుట్టిన తీరు చూడండి. కోర్సు కట్టేటప్పుడు మంచి ఇసుక దొరికేది ఆ చోటే, మిగతా హోల్స్ కోసం తవ్వుకుంటూ పోతే అక్కడ పెద్ద గొయ్యి మిగిలింది. ఇప్పుడేం చేయాలి అనుకుంటుంటే కోర్సు డిజైనర్ పీట్ డై భార్య ఆలిస్ డై, నీళ్లతో నింపి గ్రీన్‌ని ద్వీపం చేసేయమంది. ఆవిడ కూడా డిజైనరే. అవసరం లోంచి పుట్టిన విచిత్రం అది.

మీ కొండ హోల్‌లో నాకు నచ్చనిది ఎత్తు కాదు. ఆ ఎత్తు నుంచి ఎటు కొట్టినా ఫలితం ఒకటే కావడం. కింద గ్రీన్ ముందు ఒక గట్టు అడ్డంగా వేసి చూడండి, బంతి గట్టుకి ఈవల పడితే వెనక్కి దొర్లుతుంది, ఆవల పడితే జెండా వైపు పోతుంది. అప్పుడు 200 అడుగుల ఎత్తుకి ఒక పని దొరుకుతుంది.

ఆకాశమార్గం:
గట్టు ఐడియా బాగుంది, రేపే పెడతాను. జలపాతం మాత్రం తీయను.

నీలాంబరి:
మీరందరూ టీ నుంచి మాట్లాడుతున్నారు, నేను గ్రీన్ల నుంచి మాట్లాడతాను, ఎందుకంటే నా టైమ్‌లో సగం పైన అక్కడే పోతుంది. ఫెయిర్‌వే ఎంత అందంగా గీసినా గ్రీన్ చదునుగా ఉంటే హోల్ చచ్చిపోతుంది. గ్రీన్ బాగుంటే మిగతాదంతా ఖాళీ మైదానమైనా నడిచిపోతుంది.

మొదట వేగం గురించి. గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు చేసిన చిన్న వాలు బద్ద అది, దాని మీద నుంచి వదిలిన బంతి చదునైన చోట ఎన్ని అడుగులు దొర్లితే అంత అంకె. 1970ల్లో అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని మెరుగుపరిచి వాడుకలోకి తెచ్చింది. 8 అంటే నెమ్మది, 12 దాటితే చాలా వేగం. గేమ్‌లో కూడా గ్రీన్ వేగం మార్చుకోవచ్చు, అసలు చిక్కు అక్కడే ఉంది. నెమ్మది వేగంలో ముచ్చటగా అనిపించిన వాలు, వేగం పెంచగానే బంతిని ఆగనివ్వదు. కాబట్టి ముందు వేగం తేల్చుకుని తర్వాత వాలు చెక్కండి. జెండా పెట్టే చోట 2 నుంచి 3 శాతం వాలు దాటనివ్వకండి, వేగమైన గ్రీన్‌లో అదే ఎక్కువ. జెండాలు లేని మధ్య భాగాల్లో ఎంత పొగరుగా ఉన్నా పరవాలేదు, మజా అంతా వాటిలోనే ఉంది.

చెక్కే పద్ధతి: బ్రష్ పెద్దది, బలం చాలా తక్కువ. గ్రీన్ కంటే పెద్ద బ్రష్‌తో, గ్రీన్ బయట నుంచి మొదలుపెట్టి లోపలికి లాగుతూ ఒక పొడవాటి వాలు ఇవ్వండి. గ్రీన్ లోపల మాత్రమే చిన్న చిన్న బుడిపెలు పెడితే ఎవరో తెచ్చి అతికించినట్టు కనిపిస్తుంది. వాలు బయట నుంచి వస్తే ఆ నేలలోదే అనిపిస్తుంది. తర్వాత స్మూత్ టూల్ ఒకసారి, రెండోసారి వద్దు, రెండోసారికి మీ పని అంతా చెరిగిపోతుంది. ఇక పుట్ గ్రిడ్ (గ్రీన్ వాలుని కదిలే చుక్కలతో చూపే వల) వేసి చుక్కలు చూడండి. చుక్కలు ఎటు పాకుతున్నాయో, ఎక్కడ నిలిచిపోతున్నాయో, ఎక్కడ పరుగెడుతున్నాయో చూస్తూ ఉంటే గ్రీన్ దానంతట అదే చదివి వినిపిస్తుంది. నేను జెండా చోట్లు నిర్ణయించేది ఆ చుక్కలు నెమ్మదించే చోట్ల చూసే.

డోనాల్డ్ రాస్ కట్టిన పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు గ్రీన్లు గిన్నె బోర్లించినట్టు ఉంటాయి, అంచుల్లో పడిన బంతి అన్ని వైపులకీ జారిపోతుంది. అలాంటిది ఒక్కటైనా మీ కోర్సులో పెట్టి చూడండి, కానీ 18 పెట్టకండి, దణ్ణం పెడతాను.

కొత్తటీ:
నీలాంబరి గారూ, స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. ఒక డౌట్. మొదటిసారి గ్రీన్ చెక్కేవాళ్లు ఏ నమూనా తీసుకుంటే బాగుంటుంది?

నీలాంబరి:
రెడాన్ తీసుకో కొత్తటీ, చెక్కడం సులువు, ఫలితం వెంటనే కనిపిస్తుంది. స్కాట్లాండ్‌లో నార్త్ బెర్విక్ 15వ హోల్ దీని అసలు రూపం. పార్ 3. గ్రీన్‌ని టీకి ఎదురుగా పెట్టకుండా ఏటవాలుగా పెట్టు, ముందు కుడి మూల దగ్గరగా, వెనక ఎడమ మూల దూరంగా ఉండాలి. మొత్తం గ్రీన్ ముందు కుడి నుంచి వెనక ఎడమకి వాలాలి, అంటే ఆటగాడికి దూరంగా. ఎడమ ముందు భాగంలో లోతైన బంకర్. జెండా ఎడమ వెనక. సూటిగా కొడితే బంకర్ మీదుగా పోయి వెనక్కి జారిపోతుంది. కుడివైపు భుజం లాంటి గట్టు మీద పడేస్తే బంతి నేల మీద తిరుగుతూ జెండా వైపు పోతుంది. అమెరికా డిజైనర్ సి.బి. మక్‌డొనాల్డ్ 1911లో ప్రారంభమైన నేషనల్ గోల్ఫ్ లింక్స్‌లో దీన్ని మళ్లీ కట్టాడు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

కొత్తటీ:
పెట్టేశాను!! 190 గజాలు. మొదట్లో బంతి కుడి గట్టు మీద పడి అక్కడే ఆగిపోయింది, వాలు ఇంకొంచెం పెంచి, గట్టు దిగే చోట గడ్డిని రఫ్ (పొడవు గడ్డి) నుంచి ఫెయిర్‌వేకి మార్చాను. ఇప్పుడు పడగానే కాసేపు ఆగినట్టే ఉండి, నెమ్మదిగా ఎడమకి తిరిగి, గ్రీన్ అంతా దాటుకుంటూ జెండా దాకా వస్తోంది. బంతి దొర్లుతున్నంతసేపూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. షాట్ ఎలాగూ అయిపోయింది, ఇక నా చేతిలో ఏమీ లేదు, అయినా కళ్లు తిప్పలేకపోయాను.

ఇసుకతిన్నె:
గడ్డి రకం మార్చడం ఎవరూ చెప్పకుండానే తట్టింది, చూశారా. వాలు, గడ్డి రెండూ కలిస్తేనే బంతి పారుతుంది. ఇక మీకు ఈ జబ్బు వదలదు.

పాతపటం:
ఈ చర్చలో ఇంకా ఎవరూ లిడో పేరు ఎత్తలేదు, ఎలా వదిలేశారు? మన వ్యాపకానికి అంతకంటే గొప్ప కథ లేదు.

మక్‌డొనాల్డ్ న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లిడో అని ఒక కోర్సు కట్టాడు, 1917లో తెరిచారు. సముద్రం పక్కన చిత్తడి నేల, అక్కడ ఏమీ లేదు, ఇసుక తోడి పోసి నేలంతా కొత్తగా తయారు చేశారు. అంటే ఆ రోజుల్లోనే మనం ఎడిటర్‌లో చేసే పనే చేశారన్నమాట, ఖాళీ పలక మీద గీయడం. దాని 18వ హోల్‌కి మూలం అలిస్టర్ మెకంజీ డిజైన్. 1914లో కంట్రీ లైఫ్ పత్రిక ఒక పోటీ పెట్టింది, మంచి పార్ 4 గీసి పంపమని, మెకంజీ గీసిన బొమ్మ గెలిచింది. ఒకే హోల్‌కి పలు దారులు, ఎవరి బలాన్ని బట్టి వాళ్లు ఎంచుకోవచ్చు. మెకంజీ తర్వాత బాబీ జోన్స్‌తో కలిసి అగస్టా నేషనల్ కట్టినవాడు, కానీ పేరు మోగడం మొదలైంది కాగితం మీద గీసిన ఆ ఒక్క హోల్‌తో.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ స్థలం నౌకాదళం చేతికి వెళ్లింది, కోర్సు మాయమైపోయింది. మిగిలినవి పాత ఫోటోలు, పటాలు. చాలా ఏళ్ల తర్వాత ఒక గోల్ఫ్ చరిత్ర అభిమాని, వృత్తి వేరే, ఆ ఫోటోలన్నీ పోగేసి, నీడలు చూసి ఎత్తులు అంచనా కడుతూ, మనం వాడే ఈ గోల్ఫ్ గేమ్ సిరీస్ ఎడిటర్‌లోనే లిడోని హోల్ హోల్‌గా తిరిగి కట్టాడు. ఆ డిజిటల్ నమూనా ఆధారంగా ఆర్కిటెక్ట్ టామ్ డోక్ బృందం విస్కాన్సిన్‌లోని శాండ్ వ్యాలీలో నిజమైన నేల మీద లిడోని కట్టింది. జీపీఎస్‌తో నడిచే బుల్‌డోజర్లకి ఆ నమూనా లోంచే కొలతలు ఇచ్చారు. 2023లో తెరిచారు, ఇప్పుడు మనుషులు దాని మీద నడిచి ఆడుతున్నారు.

గేమ్ ఎడిటర్‌లో గీసిన గ్రీన్ మీద నిజమైన గడ్డి మొలిచింది. ఎవరైనా "ఊరికే బొమ్మలు గీస్తూ కూర్చున్నావు" అంటే నేను ఈ కథ చెబుతాను.

పచ్చికబయలు:
ఒళ్లు పులకరించింది అన్నా. ఇది నాకు అసలు తెలియదు. ఉన్న కోర్సుల్ని గేమ్‌లో మళ్లీ కట్టే పని మీరు కూడా చేస్తారా?

పాతపటం:
నా పని అంతా అదే. ఇప్పుడు లైడార్ డేటా ఉంది కదా, విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తులు కొలిచిన సమాచారం. చాలా ప్రాంతాలకి ఉచితంగా దొరుకుతుంది. సిమ్యులేటర్ల (నిజమైన క్లబ్‌తో తెర మీద ఆడే ఏర్పాట్ల) కోసం కోర్సులు కట్టేవాళ్లు, అంటే జీఎస్‌ప్రో సాఫ్ట్‌వేర్ లాంటివి వాడేవాళ్లు, దాదాపు దాని మీదే ఆధారపడతారు. డేటా వేయగానే మొదట ఆశ్చర్యపరిచేది ఎత్తుపల్లాలే. అగస్టా టీవీలో కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నట్టే కనిపిస్తుంది, నేల నమూనా తిప్పి చూస్తే 10వ హోల్ టీ నుంచి గ్రీన్‌కి దాదాపు 100 అడుగులు కిందికి దిగుతుంది. కెమెరా ఎత్తుపల్లాల్ని చదును చేసేస్తుంది.

కొత్తగా డిజైన్ చేసేవాళ్లకి కూడా నా సలహా ఇదే, ఒక్క హోల్ అయినా సరే, ఉన్నదాన్ని కొలతలతో మళ్లీ కట్టండి. ఆ డిజైనర్ ఒక బంకర్‌ని పది గజాలు ఇటు ఎందుకు జరిపాడో మీ చేత్తో పెట్టినప్పుడు అర్థమవుతుంది, చూస్తే అర్థం కాదు.

తోటమాలి:
చెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. నా ఆనందం అంతా నాటడంలోనే. నాటేది మాత్రం ఆఖర్నే, హోల్స్ అన్నీ ఆడి తృప్తిగా ఉన్నాయనుకున్నాకే. ముందే నాటితే చెట్లు హోల్ లోపాల్ని దాచేస్తాయి.

చెట్లని వరసలో పెట్టకండి. అడవి అంచుని దగ్గర నుంచి చూడండి, పెద్ద చెట్లు లోపల, వాటి ముందు చిన్నవి, వాటి ముందు పొదలు, ఆ తర్వాత పొడవు గడ్డి. ఈ నాలుగు అంచెలు పాటిస్తే తక్కువ చెట్లతోనే దట్టంగా కనిపిస్తుంది, వస్తువుల పరిమితి మీటర్ కూడా తొందరగా నిండదు. ఒకే జాతి చెట్టుని ఒకే సైజులో నాటితే కళ్లు వెంటనే పట్టేస్తాయి, తిప్పి, సైజు మార్చి పెట్టండి. గ్రీన్ వెనక మాత్రం కాస్త ఖాళీ వదలండి. వెనక ఆకాశం కనిపిస్తే దూరం అంచనా వేయడం కష్టం, చెట్లుంటే సులువు. ఆ ఒక్కదానితో హోల్ కష్టాన్ని పెంచవచ్చు తగ్గించవచ్చు.

పూలమొక్కలు మా పాప ఎంచుతుంది. ఎరుపు ఎక్కడ, పసుపు ఎక్కడ అన్న విషయంలో నా మాట చెల్లదు, ఆమె చెప్పిన చోటే పెడతాను, అవి బాగుంటాయి కూడా.

గాలివాటం:
పచ్చికబయలు గారి కోర్సు ఆడి వచ్చాను. బాగుంది, నిజంగా బాగుంది, ముఖ్యంగా మీరు చెప్పిన ఆ పార్ 4. ఏడో హోల్ మీద మాత్రం ఒక మాట. 540 గజాల పార్ 5, ఎడమకి మలుపు, మలుపులో చెరువు. చెరువు దాటించి దగ్గర దారి పట్టాలంటే 290 గజాలు గాల్లో పోవాలి. వెనక టీ నుంచి అంత కొట్టగలిగేవాళ్లు తక్కువ, మిగతా అందరూ కుడివైపు సురక్షితంగా కొట్టేస్తారు. అప్పుడు చెరువు ఉన్నా లేనట్టే.

ఇసుకతిన్నె:
నేనూ ఆడాను, అదే అనిపించింది. చెరువు అంచుని ఏటవాలు చేయండి. ఇప్పుడు అది ఫెయిర్‌వేకి అడ్డంగా గోడలా ఉంది, దాటితే దాటాలి లేకపోతే లేదు. కుడి నుంచి ఎడమకి పోతూ దూరం పెరిగేలా గీస్తే 220 కొట్టేవాడికి ఒక ఆశ, 250 కొట్టేవాడికి ఒక ఆశ, 290 కొట్టేవాడికి ఇంకో ఆశ. ఎవరి మోతాదు వాళ్లు ఎంచుకుంటారు. నేను ముందు చెప్పిన కేప్ హోల్ కిటుకు ఇదే.

రాత్రిషిఫ్ట్:
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా ఉద్యోగంలో రోజంతా ఇంకొకరు చెప్పిన పనే చేయాలి, ఏదీ నాది అని ఉండదు. ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక గట్టుని కాస్త పైకి లాగి, మళ్లీ కొంచెం దించి, సాయంత్రం వెలుగు పెట్టి నీడ ఎలా పడుతోందో చూస్తూ కూర్చుంటే లోపలున్న గోల అంతా అణిగిపోతుంది. నా కోర్సు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, అయిదు హోల్సే ఉన్నాయి. ఎవరూ ఆడకపోయినా చేస్తాను. కానీ ఈ థ్రెడ్ చదివాక ఎవరైనా ఆడితే బాగుండనిపిస్తోంది.

నీలాంబరి:
@రాత్రిషిఫ్ట్, అయిదు హోల్స్‌ని అలాగే పబ్లిష్ చేయలేకపోతే స్క్రీన్‌షాట్లు పెట్టండి, ముందు గ్రీన్లవి. నేను చూస్తాను. సాయంత్రం వెలుగులో తీసినవైతే ఇంకా మంచిది, వాలు తెలియాలంటే ఏటవాలు ఎండే కావాలి, మధ్యాహ్నం ఎండలో అన్నీ చదునుగానే కనిపిస్తాయి.

రాత్రిషిఫ్ట్:
తప్పకుండా పెడతానండి, ఈ వారంలోనే.

పచ్చికబయలు:
ఏడో హోల్ మార్చి మళ్లీ అప్‌లోడ్ చేశాను. చెరువు అంచు ఇప్పుడు ఏటవాలు, దగ్గర్లో 210, దూరంలో 285. మలుపు అవతల ఫెయిర్‌వేని చెరువు వైపుకి కొంచెం వాల్చాను, అత్యాశకి పోయి తక్కువ పడితే బంతి నీళ్ల వైపు దొర్లుతుంది, పూర్తిగా దాటితే గ్రీన్ రెండో షాట్‌కే అందుతుంది. ముందు టీలు కూడా రెండు పెట్టాను. నిన్న మా తమ్ముడి చేత ఆడించాను, వాడు మూడుసార్లు మూడు వేరే చోట్లకి గురి పెట్టాడు, పక్కన కూర్చుని చూస్తుంటే వాడికంటే నాకే ఎక్కువ హుషారు వచ్చింది.

ఇక 12వ హోల్ దగ్గర ఆగాను. డ్రైవర్‌తో గ్రీన్ అందుకోగలిగేంత చిన్న పార్ 4 కావాలి. 310 గజాల్లో జాగా ఉంది, నేల కుడికి కొంచెం వాలు. ఎలా చేస్తే అందరూ కళ్లు మూసుకుని గ్రీన్ మీదికే కొట్టకుండా ఆలోచిస్తారు?

పాతపటం:
అమెరికాలోని రివియెరా కోర్సు 10వ హోల్ తెరిచి చూడండి. జార్జ్ థామస్ డిజైన్, 315 గజాలు, మీ కొలతే. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా ఉంటుంది, చుట్టూ బంకర్లు. ఎడమవైపు ఫెయిర్‌వేలో ఆపుకున్నవాడికి గ్రీన్ పొడవు మొత్తం ఎదురుగా దొరుకుతుంది. సూటిగా గ్రీన్ మీదికి కొట్టి కుడికి తప్పినవాడికి ఆ సన్నటి వెడల్పులో బంతిని ఆపే దారి ఉండదు, జెండాకి ముప్పై గజాల్లో ఉండి కూడా. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు దాని మీద ఇప్పటికీ తలలు పట్టుకుంటారు.

మీ నేల ఎలాగూ కుడికి వాలుతోంది కాబట్టి సగం పని అయిపోయింది. గ్రీన్‌ని సన్నగా చేసి ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి తిప్పండి, కుడి పక్క గడ్డి పొట్టిగా కత్తిరించి పల్లంలోకి జారనివ్వండి, అక్కడ బంకర్ కూడా వద్దు. ఎడమ ఫెయిర్‌వే వెడల్పుగా వదలండి.

నీలాంబరి:
ఆ పొట్టి గడ్డి పల్లం లోతు మూడు అడుగులు దాటనివ్వకండి, పుటర్ (నేల మీద దొర్లించే క్లబ్) తీయాలా వెడ్జ్ (గాల్లోకి లేపే క్లబ్) తీయాలా అన్న సందేహం ఆటగాడికి మిగలాలి. గ్రీన్ అయ్యాక గ్రిడ్ వేసి స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, జెండా చోట్లు కలిసి చూద్దాం.